ఇప్పుడు మేం అడుగుతాం

మమ్మల్ని ప్రశ్నలు అడగనివాళ్ళు తక్కువ. ఏలూరులో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఇంటివాళ్ళు అడుగుతారు, ‘ఇంట్లో ఏం వండుతారు?’ అని. రైల్లో పక్కన కూర్చున్న పెద్దమనిషి మా పేరు విని కళ్ళు పెద్దవి చేసి అడుగుతాడు, ‘మీరు సాయిబులా? తెలుగు భలే మాట్లాడుతున్నారే!’ అని. తమ్మిలేరు ఒడ్డున పుట్టినవాళ్ళం, తెలుగు కాక ఏం మాట్లాడతాం? క్రికెట్ ఆట ఉన్న రోజున అడుగుతారు. ఎక్కడో బాంబు పేలిన రోజున అడుగుతారు. ఏమీ జరగని రోజున ‘మీవాళ్ళకి ఎంతమంది పిల్లలు?’ అని అడుగుతారు. జవాబులు చెప్పీ చెప్పీ మా గొంతు జవాబుల గొంతయిపోయింది. అడగడం మాకు అలవాటు లేదు.

ఈ సంగతి ఉద్యోగం ఇంటర్వ్యూలో బాగా బయటపడుతుంది. అంతా అయ్యాక ఫైలు మూస్తూ ఆఖరున ఒక మాట అంటారు, ‘మీరేమన్నా అడగాలా?’ అని. మా పిల్లలు గబుక్కున లేచి నిలబడతారు. ‘లేదు సార్, థాంక్యూ సార్.’ చూసేవాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. అది వినయం కాదు. ఎక్కువ మాట్లాడితే ఎక్కువ కాగితాలు అడుగుతారని తరాలుగా ఒంటికి పట్టిన జాగ్రత్త. అడిగే ధైర్యం ఉన్నవాడికి ఆ మాట మర్యాద. లేనివాడికి తలుపు చూపించడం.

ఆ ‘లేదు సార్’ని కాస్త పక్కన పెట్టి, ఏం అడగాలో మాలో మేం మాట్లాడుకోవాలనే ఇది రాస్తున్నాం. ఒక చోట పని ఎలా సాగుతుందో, మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో, చేరకముందే తెలుసుకునే ప్రశ్నలు ఏవి? పుస్తకాల్లో రాసే ప్రశ్నలు కాదు. మా పేర్లతో, మా క్యారేజీలతో, మా తలగుడ్డలతో వెళ్ళి అడగాల్సినవి.

మా తాతల కాలంలో ఈ అవసరం లేదు. ఏలూరు తివాచీలకు పేరున్న ఊరు. మా పూర్వీకులు పారశీకం నుంచి ఆ విద్య తెచ్చుకున్నారని పెద్దలు చెప్పుకుంటారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీ వెళ్ళింది. నిలువు మగ్గం ముందు నలుగురు పక్కపక్కన కూర్చుని ఊలు ముడి వేసి కోస్తుంటే, ఆ నలుగురూ ఎవరో పుట్టినప్పటినుంచీ తెలుసు. పక్కన కూర్చున్నది చాచా. ఎదురింటివాడు మామూ. ఒకడు ముడి వదులుగా వేస్తే వరసంతా వంకర పోతుంది కాబట్టి ఎవడి చెయ్యి ఎలాంటిదో అందరికీ తెలుసు. తిట్లు ఏవో, ప్రేమ ఏదో, చాయ్ ఎవరు పోస్తారో, అన్నీ తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. ఆ తివాచీ చివరికి ఎంతకు అమ్ముడయింది? ఆ ప్రశ్న మగ్గం ముందు కూర్చున్నవాడు వేయలేదు. వేయనివ్వలేదు. బయానా తీసుకున్నవాడి నోటికి తాళం ఉంటుంది.

తర్వాత మగ్గాలు తగ్గాయి. కొందరు జనపనార మిల్లుకు పోయారు. కొందరు సైకిలు షాపులు పెట్టారు, కుట్టుమిషను తొక్కారు, పళ్ళబండి తోశారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోశారు. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు వచ్చాక ఐసు కొట్టారు, బొచ్చె, శీలావతి నింపిన లారీలు ఈశాన్య రాష్ట్రాల దాకా తోలారు. ఇవేవీ ఇంటర్వ్యూ ఇచ్చి సంపాదించిన పనులు కావు. ఎవరో ఒకరు ‘మావాడే’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే దొరికినవి. ఆ ‘మావాడే’ అనే మాటలోనే పని సంగతి, యజమాని సంగతి, తిండి సంగతి మొత్తం వచ్చేసేది.

ఇప్పుడు మా పిల్లలు చదివారు. ఎం.కాం.లు, ఎం.సి.ఎ.లు, బి.టెక్.లు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు లేని చోట్లకు వెళ్తున్నారు. అక్కడ మాకు చాచా లేడు, మామూ లేడు. అక్కడి సంగతి తెలియాలంటే అడగడం తప్ప దారి లేదు.

కానీ గుమ్మం దగ్గరే మా పేరు మాకంటే ముందు లోపలికి వెళ్తుంది. ‘షేక్ మీ పేరా, ఇంటిపేరా?’ అంటారు. ‘శుక్రవారం శుక్రవారం సెలవు అడుగుతారా?’ అంటారు. ఆడపిల్లయితే ‘పెళ్ళయ్యాక మీవాళ్ళు పంపిస్తారా?’ అంటారు. ఇవి మా ఇంటి పిల్లలకు ఎదురైన ప్రశ్నలు. ఆ కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. ఒక్క చోట అయితే పేరు చెప్పేవాళ్ళం. ఇది ఒక్క చోటి సంగతి కాదు.

లోపలికి పిలిస్తే ఇదీ. పిలవకపోవడం ఇంకో సంగతి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ కలిసి చేసిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఒకే చదువు, ఒకే అర్హత ఉన్న దరఖాస్తులు తయారు చేసి, కొన్నిటి మీద అగ్రకులం పేరు, కొన్నిటి మీద దళితుడి పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు పెట్టి ప్రైవేటు కంపెనీలకు పంపారు. పిలుపులు లెక్క చూస్తే, అగ్రకులం పేరుతో పోల్చినప్పుడు దళితుడి పేరుకు అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. చదువు మారలేదు. పేరొక్కటే మారింది. అంతకు ముందు ఏడాది, 2006లో, సచార్ కమిటీ ప్రభుత్వ ఉద్యోగాల లెక్క తీసింది. 2001 జనాభా లెక్కల్లో మేం 13.4 శాతం. ఐ.ఏ.ఎస్.లో 3 శాతం.

‘మీకేంటి, రిజర్వేషన్ ఉందిగా’ అనేవాళ్ళుంటారు. ఉంది. దూదేకులవాళ్ళు ముందునుంచీ బి.సి.-బిలో ఉన్నారు. వెనకబడిన మరికొన్ని ముస్లిం తెగలకు 2007 చట్టం బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చింది. కోర్టుల చుట్టూ తిరిగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడింది. అది కాలేజీ సీట్లకు, సర్కారు కొలువులకు. రొయ్యల మేత కంపెనీకి, ప్రైవేటు కాలేజీకి, సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు దానితో పని లేదు. మా పిల్లలు ఎక్కువగా గుమ్మం తొక్కేది అక్కడే.

సరే, లోపలికి వెళ్ళాం. కూర్చున్నాం. ‘మీ దగ్గర పని వాతావరణం ఎలా ఉంటుంది సార్?’ అని అడిగామనుకోండి. జవాబు ఎక్కడైనా ఒకటే. ‘మేమంతా ఒక కుటుంబంలా ఉంటామమ్మా.’

కుటుంబం అంటే ఏమిటో మాకు తెలుసు. మీకూ తెలుసు. కుటుంబంలో ఆఖరున తినేది ఎవరు? ఎవరి మాట చెల్లుతుంది? ఎవరికి చెప్పకుండా నిర్ణయాలు జరుగుతాయి? కోడలికి జీతం ఉంటుందా? కుటుంబం అన్నవాడు జవాబు చెప్పలేదు, ప్రశ్నకు మూత పెట్టాడు. ఆ కుటుంబంలో మేం ఏమవుతామో కూడా చూసుకోవాలి. ఇంట్లోవాళ్ళమా, పండక్కి వచ్చి వసారాలో కూర్చుని వెళ్ళే చుట్టాలమా?

అందుకని ‘ఎలా ఉంటుంది’ అని అడగకూడదు. ‘పోయినసారి ఏం జరిగింది’ అని అడగాలి. అభిప్రాయం అడిగితే పొగడ్త వస్తుంది. జరిగిన సంగతి అడిగితే నిజం వస్తుంది, లేదా మౌనం వస్తుంది. మౌనం కూడా జవాబే.

‘నేను కూర్చోబోయే ఈ కుర్చీలో ఇంతకుముందు ఎవరు కూర్చున్నారు? ఎందుకు వెళ్ళారు?’ ఇది మొదటిది. కొత్తగా పెట్టిన ఉద్యోగమైతే అదే చెప్తారు. పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్ళారంటే మంచిదే. రెండేళ్ళలో నలుగురు మారారని తేలితే తప్పు కూర్చున్నవాళ్ళది కాదు, కుర్చీది.

‘ఆఖరిసారి పెద్ద పొరపాటు జరిగినప్పుడు ఏం చేశారు?’ ఇది రెండోది. చెరువుల దేశం వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారుజామున నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఏరియేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి తెల్లగా తేలతాయి. అప్పుడు యజమాని ముందు ‘కరెంటు ఎప్పుడు పోయింది, జనరేటర్లో డీజిల్ ఉందా’ అని అడుగుతాడా? ‘రాత్రి కాపలా ఎవడ్రా’ అని అడుగుతాడా? ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే ఆ చోటి సంస్కారం. ఆఫీసులోనూ అంతే. పొరపాటుకు కారణం వెతికేవాళ్ళు ఉంటారు, మనిషిని వెతికేవాళ్ళు ఉంటారు. మనిషిని వెతికే చోట మా పేరున్న మనిషి ముందుగా దొరుకుతాడు.

‘సెలవు ఎవరిస్తారు? కాగితం మీద ఇస్తారా, దయ మీద ఇస్తారా?’ ఇది మూడోది. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం గంట ముందు వెళ్ళేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. ప్రైవేటులో అలాంటి ఉత్తర్వు ఉండదు. అక్కడ అంతా సర్దుబాటు. సర్దుబాటు మాకు కొత్త కాదు. సంక్రాంతికి, దీపావళికి మేం డ్యూటీ చేస్తాం, ఇఫ్తార్ వేళకు మీరు ఒక గంట చూసుకోండి. ఇది బిచ్చం కాదు, మార్పిడి. ‘మీ టీములో ఇలా ఒకరి పండక్కి ఒకరు పని మార్చుకున్న సందర్భం ఉందా?’ అని అడిగితే చాలు. ఉన్న చోట నవ్వుతూ చెప్తారు. లేని చోట ‘అలాంటివి మేం ఎంకరేజ్ చెయ్యం’ అంటారు. ఈ ప్రశ్న మాకోసమే కాదు. అయ్యప్ప మాల వేసుకున్నవాడికి, ఆదివారం చర్చికి వెళ్ళేవాడికి, పసిబిడ్డ తల్లికి కూడా పనికొస్తుంది.

‘మధ్యాహ్నం భోజనం ఎక్కడ తింటారు?’ ఇది నాలుగోది. చాలా చిన్న ప్రశ్న. కానీ దీనికంటే లోతైన ప్రశ్న మా దగ్గర లేదు. క్యారేజీలు విప్పి ఒక బల్ల చుట్టూ కూర్చుంటారా? కులానికో మూలా, హోదాకో గదీ ఉందా? మా కూర గిన్నె మూత తీస్తే పక్క కుర్చీ జరుగుతుందా? ‘అందరం కలిసే తింటాం’ అంటే, ‘బాగుంది సార్, డ్రైవర్లు కూడానా?’ అని ఒక్క మాట కలపాలి.

ఆడపిల్లలకు ఐదోది ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. దానికి ఆడమనిషే అధ్యక్షురాలు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ‘మీ కమిటీలో ఎవరెవరున్నారండీ?’ అని మామూలుగా అడగాలి. పేర్లు టకటకా చెప్తే సరే. ‘మా దగ్గర అలాంటి సమస్యలు రావమ్మా’ అంటే కమిటీ లేదని అర్థం.

తలగుడ్డ సంగతి కూడా నేరుగా అడగడమే మేలు. మా దేశంలో ఒక వింత ఉంది. రొయ్యలు వలిచే ప్లాంట్లలోకి వెళ్ళి చూడండి. ప్రతి ఆడమనిషీ తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతికి తొడుగు. రమణమ్మా ఒకటే, రహీమున్నీసా ఒకటే. వెంట్రుక రొయ్యలో పడకూడదు కాబట్టి అక్కడ తల కప్పుకోవడం నియమం. అదే ప్లాంటు ముందుగదిలో, అకౌంట్ల బల్ల దగ్గర, మా పిల్ల తల కప్పుకుంటే అది సమస్య. రొయ్యకున్న మర్యాద మనిషికి ఎందుకు లేదు?

కొల్లేరు చుట్టుపక్కల పనికి వెళ్ళేవాళ్ళు ఇంకో ప్రశ్న మరిచిపోకూడదు. ‘ఈ చెరువు అభయారణ్యం హద్దుకు లోపలా, బయటా?’ 1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దు లోపలి చెరువు గట్లను ప్రభుత్వమే కొట్టించింది. కొల్లేరు బతకాలి, అందులో మాకు వాదం లేదు. కానీ గట్టు తెగిన రోజున కూలివాడి పనీ తెగింది. మేత మోసేవాడికి, వల లాగేవాడికి, రాత్రి కాపలావాడికి తాను నిలబడ్డ మట్టి చట్టం లోపలిదో బయటిదో ఎవరు చెప్పారు? పని ఇచ్చేవాడి సంగతే కాదు, పని నిలబడే నేల సంగతి కూడా అడగాలి.

ఇవన్నీ బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ళనే అడగాలని లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. టీ తెచ్చే కుర్రాడు ఉంటాడు. ఆరింటికి బస్టాపులో నిలబడే ఆడవాళ్ళు ఉంటారు. ‘జీతం ఒకటో తారీఖునే పడుతుందా అక్కా?’ అని వాళ్ళను అడగండి. లోపల చెప్పిన మాట, బయట విన్న మాట పక్కపక్కన పెట్టుకుని చూడండి. టీ కుర్రాడిని ‘ఒరేయ్’ అని పిలిచే మేనేజరు రేపు మనల్ని ఏమని పిలుస్తాడో వేరే చెప్పాలా?

మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే అయింది. మా ఇంటి ఆడపిల్ల ఎం.కాం. చదివింది. తాడేపల్లిగూడెం వైపు ఒక ఆఫీసులో అకౌంట్ల ఉద్యోగానికి వెళ్ళింది. ఆఖరున ‘ఏమన్నా అడగాలా’ అంటే, ముందు పనిచేసినావిడ ఎందుకు మానేసిందని అడిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘ఇలాంటివి ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా’ అన్నారు. మళ్ళీ ఫోన్ రాలేదు.

ఆ రాత్రి వాళ్ళ అబ్బా అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. ‘బేటీ, అడిగే స్తోమత ఉన్నవాళ్ళు అడుగుతారు. మనం అడిగితే పొగరంటారు. ముందు లోపలికి వెళ్ళు. తర్వాత చూసుకోవచ్చు’ అన్నాడు. ఆయన మాటలో నలభై ఏళ్ళ కుట్టుమిషను చప్పుడు ఉంది. ఇంట్లో చెల్లి ఫీజు ఉంది. ఆ మాట తీసిపారేయడానికి లేదు.

పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. గిన్నెలు సర్దాక వచ్చి కూర్చుంది. ‘ఉన్నవాళ్ళు నచ్చకపోతే నెలలో మానేస్తారు అబ్బా. మనం మానలేం. మానలేనివాళ్ళే ముందు అడగాలి’ అంది. మేమెవరం మాట్లాడలేదు. లెక్కలు చదివిన పిల్ల కదా, లెక్క సరిగ్గానే వేసింది.

రెండు నెలల తర్వాత కైకలూరు వైపు ఇంకో చోటికి వెళ్ళింది. అవే ప్రశ్నలు అడిగింది. అక్కడి పెద్దాయన కళ్ళజోడు తీసి, ‘నిజం చెప్పమంటావా? సీజన్లో రాత్రి తొమ్మిది అవుతుంది. అందుకే ఇద్దరమ్మాయిలు మానేశారు. ఇప్పుడు ఏడు దాటితే ఏలూరు దాకా బండి పెట్టాం. అది కూడా వాళ్ళు మానేశాకే పెట్టాం’ అన్నాడట. జీతం మొదటిచోటి కంటే తక్కువ. చేరింది. అక్కడ అంతా బాగుందని మేం చెప్పం. వినాయక చవితి చందా జీతంలో పట్టుకుంటారు. ఒకరిద్దరు ఇప్పటికీ ఆమె గిన్నె వంక చూడరు. కానీ ఏడు దాటితే బండి వస్తోంది. చెప్పిన మాట నిలబడింది. ఏది బాగుండదో ముందే తెలిసి వెళ్ళింది కాబట్టి ఎక్కడ ఓర్చుకోవాలో, ఎక్కడ గొంతెత్తాలో ఆమెకు తెలుసు. వాళ్ళ అబ్బా ఇప్పుడు రెండోదాన్ని అడుగుతున్నాడు, ‘నువ్వేం ప్రశ్నలు రాసుకున్నావ్?’ అని.

అడిగితే ఉద్యోగం పోవచ్చు. ఆ సంగతి దాచి పిల్లలకు ధైర్యం నూరిపోయడం మోసం. ఆకలి ఉన్న ఇంట్లో కొన్నిసార్లు చెడ్డ జవాబు విని కూడా చేరాల్సి వస్తుంది. చేరండి. అయినా అడిగే చేరండి. గుంట ఎక్కడుందో తెలిసి నడిచేవాడికీ, తెలియక నడిచేవాడికీ తేడా ఉంటుంది. ఒక్కరు అడిగితే పొగరు అంటారు. పదిమంది అడిగితే పద్ధతి అంటారు.

ఈ పుస్తకం చదివే మా సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మా కష్టం విని మీరు నిట్టూర్చడం మాకు తెలుసు. అది చాలదు. మీలో చాలామంది బల్లకు అటువైపు కూర్చుంటారు. రేపు మా పిల్ల ఒకతి వచ్చి, తలగుడ్డ సర్దుకుని, ‘మీరంతా ఎక్కడ తింటారు సార్?’ అని అడుగుతుంది. ఆ రోజు చెప్పడానికి మీ దగ్గర ఏ జవాబు ఉందో ఇవాళే వెళ్ళి చూసుకోండి. జవాబు బాగాలేకపోతే ఇంకా టైముంది. బల్లలు కాస్త దగ్గరికి జరపండి.